స్థానం నరసింహారావు

స్థానం నరసింహారావు (1902 సెప్టెంబరు 23 - 1971 ఫిబ్రవరి 21) సుప్రసిద్ధ తెలుగు రంగస్థల నటుడు, గాయకుడు. స్త్రీ పాత్రధారణలో ఈయనకు సాటి రాగలవారు ఆంధ్రదేశంలో అరుదు. బాపట్లలో జన్మించి, తెనాలి నాటక సమాజంలో నటుడిగా పరిణతి పొంది, సుమారు నాలుగు దశాబ్దాలపాటు సత్యభామ, చిత్రాంగి, దేవదేవి, మధురవాణి, రోషనార మొదలైన పాత్రలను ధరించాడు. 1956లో భారత ప్రభుత్వం ఈయనను పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది. శ్రీకృష్ణ తులాభారం నాటకంలో సత్యభామగా ఈయన పాడిన "మీరజాలగలడా" అనే పాట తరువాత సినిమాలలోకి కూడా ప్రవేశించి నేటికీ ప్రజల నోళ్ళలో నిలిచి ఉంది. ఈయన పాటలు, పద్యాలు గ్రామఫోను రికార్డులుగా వెలువడ్డాయి. ఈయన నటనను స్వయంగా చూసిన తరం కనుమరుగవుతున్న కొద్దీ ఆ రికార్డుల మొదటి ముద్రణలకు చారిత్రక ప్రాముఖ్యం పెరుగుతూ వచ్చింది.

నేపథ్యం

ఇరవయ్యవ శతాబ్దం తొలి దశకాలలో కృష్ణా డెల్టా పశ్చిమ భాగంలోని తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాలు మద్రాసు రాష్ట్రంలోని గుంటూరు జిల్లాలో ఉండేవి. కాలువల క్రింద వరి సాగు వలన ఈ ప్రాంతం సంపన్నమయింది. బెజవాడ నుండి మద్రాసు వెళ్ళే రైలుమార్గం 1899 నాటికి పూర్తికాగా తెనాలి, బాపట్ల ఆ మార్గంలో ముఖ్యమైన స్టేషన్లయ్యాయి. రేపల్లెకు తెనాలి నుండి శాఖామార్గం ఉంది. కోతలు ముగిసి చేతిలో డబ్బు ఆడే రోజులలో నాటకాలకు విశేషమైన ఆదరణ లభించేది. నటులు, తెరలు, హార్మోనియంతో సహా సమాజం మొత్తం రైలులో ఊరి నుండి ఊరికి వెళ్ళే వీలు కలగడం నాటక కళ వ్యాప్తికి ఎంతగానో తోడ్పడింది. కళలకు, షోకులకు పేరుపొందిన తెనాలికి "ఆంధ్రా ప్యారిస్" అనే పేరు వచ్చింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు బాపట్ల, రేపల్లె కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరగా, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది.

ఆనాడు కుటుంబ స్త్రీలు రంగస్థలం ఎక్కడం సమాజానికి సమ్మతం కాదు. కుటుంబ సభ్యులే నటీనటులుగా ఉండే సురభి నాటక సమాజాల వంటి కొన్నింటిని మినహాయిస్తే, స్త్రీ పాత్రలను సాధారణంగా పురుషులే ధరించేవారు. ఈ సంప్రదాయం తెలుగుదేశానికి మాత్రమే పరిమితం కాదు. మరాఠీ రంగస్థలంపై బాలగంధర్వ, గుజరాతీ రంగస్థలంపై జయశంకర్ సుందరి ఇదే విధంగా స్త్రీ పాత్రలతో ప్రఖ్యాతులయ్యారు. తెలుగులో ఆ స్థాయికి చేరిన నటుడు స్థానం నరసింహారావు.

జననం, రంగప్రవేశం

నరసింహారావు 1902 సెప్టెంబరు 23న బాపట్లలో హనుమంతరావు, ఆదెమ్మ దంపతులకు జన్మించాడు. ఈయన రంగప్రవేశం అనుకోకుండా జరిగింది. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం ప్రదర్శించవలసిన రోజున చంద్రమతి పాత్రధారి రాలేదు. ఆ కొరత తీర్చడానికి నరసింహారావు ఆ పాత్రను ధరించాడు. అప్పటికి ఈయనకు సుమారు పద్దెనిమిదేళ్ళ వయస్సు. రాజ్యం, భర్త, బిడ్డ ఒక్కొక్కరే దూరమయ్యే మహారాణి పాత్ర చంద్రమతిది. శోకరస ప్రధానమైన పద్యాలు అందులో అధికం. అనుభవజ్ఞులైన నటులకు కూడా పరీక్ష వంటి ఆ పాత్రతో మొదలై, ఆ తరువాత స్త్రీ పాత్రలే ఈయన జీవితవృత్తి అయ్యాయి.

తెనాలి శ్రీరామ విలాస సభ

బాపట్ల తరువాత ఈయన తెనాలిలోని శ్రీరామ విలాస సభలో ప్రవేశించాడు. నటుడిగా ఈయన పరిణతి చెందినది అక్కడే. ఆ రోజులలో తెనాలి నాటకరంగానికి పెట్టింది పేరు. మాధవపెద్ది వెంకట్రామయ్య, గోవిందరాజుల సుబ్బారావు, పులిపాటి వెంకటేశ్వర్లు వంటి నటులు ఆ పట్టణంతో సంబంధం ఉన్నవారే. వీరిలో గోవిందరాజుల సుబ్బారావు తరువాత మాలపిల్ల (1938), పల్నాటి యుద్ధం (1947) చిత్రాలతో సినిమా ప్రేక్షకులకు కూడా సుపరిచితుడయ్యాడు.

పద్యనాటకాలలో రాగం తీయడం మీదనే నటులు ఎక్కువగా ఆధారపడుతున్న కాలమది. పద్యం బాగుంటే ప్రేక్షకులు "వన్స్ మోర్" అని కేకలు వేసేవారు. చనిపోయిన పాత్ర కూడా లేచి పద్యం మళ్ళీ పాడి తిరిగి పడుకున్న సందర్భాల గురించి నాటకప్రియులు హాస్యంగా చెప్పుకుంటారు. నరసింహారావు సంగీతాన్ని విడిచిపెట్టలేదు గాని దానిని అభినయానికి లోబరచాడు. నడక, చూపు, పైట సవరించుకొనే తీరు, మాట విరుపు ఇవన్నీ పాత్రను బట్టి మారేవి. పట్టపురాణి నడిచినట్లు వేశ్య నడవదు, వేశ్య నవ్వినట్లు పట్టపురాణి నవ్వదు అనే భేదాన్ని ఈయన రంగస్థలంపై స్పష్టంగా చూపగలిగాడు. స్త్రీ వేషమంటే గొంతు సన్నగా చేసి మాట్లాడడం, చీర కట్టుకొని వయ్యారాలు పోవడం అనే స్థితి నుండి దానిని పాత్రపోషణ స్థాయికి తీసుకొని వెళ్ళడమే ఈయన సాధించిన ముఖ్యమైన మార్పు.

ముఖ్య పాత్రలు

చంద్రమతి - హరిశ్చంద్ర నాటకం. ఈయన ధరించిన మొదటి పాత్ర.

సత్యభామ - ముత్తరాజు సుబ్బారావు రచించిన శ్రీకృష్ణ తులాభారం. ఈయనకు అత్యధిక కీర్తిని తెచ్చిన పాత్ర.

చిత్రాంగి - సారంగధర నాటకం. సవతి కుమారుడిని మోహించి, అతడు నిరాకరించగా నింద మోపి, చివరకు పశ్చాత్తాపానికి లోనయ్యే యువరాణి పాత్ర. ప్రేక్షకుల ఏహ్యభావానికి, జాలికి మధ్య నడిపించవలసిన కష్టమైన పాత్ర ఇది.

దేవదేవి - విప్రనారాయణ. భక్తుని దీక్షను భంగపరచే వేశ్య పాత్ర.

మధురవాణి - గురజాడ అప్పారావు రచించిన కన్యాశుల్కం. పద్యాలు, పౌరాణిక ఆడంబరం లేని వాడుకభాషా నాటకంలో, కేవలం సంభాషణ చాతుర్యంతో నిలబడవలసిన పాత్ర.

రోషనార - కొప్పరపు సుబ్బారావు రచించిన చారిత్రక నాటకంలోని నామపాత్ర.

ఈ జాబితాలో పతివ్రత, గర్విష్ఠి అయిన రాణి, వేశ్య, మొగలు రాజకుమారి ఉన్నారు. ఒకే మూసలో ఇమడని పాత్రలను ఒకే నటుడు దశాబ్దాలపాటు ఒప్పించగలగడం విశేషం.

సత్యభామ పాత్ర, "మీరజాలగలడా" పాట

శ్రీకృష్ణ తులాభారం ఇతివృత్తం తెలుగువారికి సుపరిచితమే. నారదుని ప్రేరణతో సత్యభామ వ్రతం పూని శ్రీకృష్ణుని దానమిస్తుంది. తిరిగి పొందాలంటే ఆయనతో సమానమైన ఎత్తు ధనం తూచి ఇవ్వాలి. సత్యభామ సంపద అంతా పోసినా త్రాసు కదలదు. రుక్మిణి భక్తితో ఉంచిన తులసీదళానికి శ్రీకృష్ణుడు తూగుతాడు. కనుక నాటకం చివరలో సత్యభామ గర్వభంగం ప్రేక్షకుల హృదయాలకు హత్తుకోవాలంటే, అంతకుముందు ఆమె గర్వం కూడా అంత అందంగా కనిపించాలి. తన భర్త తన మాట దాటలేడనే ధీమాను వ్యక్తంచేసే "మీరజాలగలడా" పాట ఆ పని చేస్తుంది. ఈ పాటను నరసింహారావు స్వయంగా రచించుకున్నాడు. రంగస్థలంపై ఒకే మాటను పలుమార్లు పలుకుతూ, పలికిన ప్రతిసారి వేరొక భావాన్ని అభినయించడం ఈయన ప్రత్యేకతగా నాటక విమర్శకులు పేర్కొన్నారు. అధికారం, గారాబం, అలుక, అనుమానం, ఆత్మవిశ్వాసం ఒకదాని వెంట ఒకటి వచ్చేవి. పాట ఎంతసేపు సాగేది అన్నది ప్రేక్షకుల స్పందనపై ఆధారపడి ఉండేది.

డి.రామానాయుడు నిర్మించగా కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో 1966లో విడుదలైన శ్రీకృష్ణ తులాభారం చిత్రంలో ఈ పాటను పి.సుశీల పాడగా, సత్యభామగా జమున అభినయించింది. పెండ్యాల నాగేశ్వరరావు ఆ చిత్రానికి సంగీత దర్శకుడు. నేటి శ్రోతలలో అధికులకు ఈ పాట సినిమా ద్వారానే తెలుసు. పాట రచయిత, తొలి గాయకుడు ఒక పురుషుడని తెలిసి ఆశ్చర్యపడేవారు ఎందరో ఉన్నారు.

స్త్రీ పాత్రధారణపై మారిన దృష్టి

నరసింహారావు కీర్తి శిఖరాన ఉన్న కాలంలోనే ఈయన కళకు ఆధారమైన సంప్రదాయం ప్రశ్నకు గురికావడం ప్రారంభమయింది. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని బళ్ళారి రాఘవ (1880 - 1946) గట్టిగా వాదించి, విద్యావంతులైన స్త్రీలను రంగస్థలంపైకి ప్రోత్సహించాడు. తెలుగు టాకీలు మొదలయిన తరువాత స్త్రీలు తెరపై కనిపించసాగారు. క్రమంగా రంగస్థలంపై కూడా స్త్రీలు ప్రవేశించారు. ఈ మార్పు న్యాయమైనదని, అవసరమైనదని నేడు ఎవరూ కాదనరు. అయితే తరతరాల సాధనతో రూపొందిన ఒక నటనా విధానం అదే మార్పు వలన అంతరించే స్థితికి వచ్చింది. ఈ రెండు సత్యాల నడుమ నరసింహారావు జీవితం గడిచింది. స్త్రీలు రంగస్థలంపైకి వచ్చిన తరువాత కూడా ప్రేక్షకులు ఈయన సత్యభామను చూడడానికి రావడం, ఆ ఆదరణ కేవలం నటీమణుల కొరత వలన కలిగినది కాదని నిరూపించింది. తరువాతి కాలంలో బుర్రా సుబ్రహ్మణ్యశాస్త్రి వంటి కొద్దిమంది ఈ సంప్రదాయాన్ని కొనసాగించారు.

గ్రామఫోను రికార్డులు

నరసింహారావు జన్మించిన సంవత్సరానికి, భారతదేశంలో గ్రామఫోను చరిత్రకు ఒక యాదృచ్ఛిక సంబంధం ఉంది. గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ మొదలైనవారి గానాన్ని ముద్రించినది 1902 నవంబరులోనే. ఆ తరువాత మూడు దశాబ్దాలలో గ్రామఫోను తెలుగు పల్లెలకు చేరింది. హరిశ్చంద్ర, పాండవోద్యోగ విజయాలు వంటి నాటకాల పద్యాలు రికార్డుల ద్వారా, నాటకం ఎన్నడూ చూడనివారికి కూడా కంఠస్థమయ్యాయి. పెళ్ళిళ్ళలో, హోటళ్ళలో, కలిగినవారి అరుగుల మీద ఈ రికార్డులు మ్రోగేవి. స్థానం పాటలు, పద్యాలు కూడా ఆ విధంగానే ఇంటింటికీ చేరాయి.

నాటి రికార్డులు నిమిషానికి 78 సార్లు తిరిగేవి. పది అంగుళాల రికార్డు ఒక ప్రక్క సుమారు మూడు నిమిషాలు మాత్రమే పాడేది. రంగస్థలంపై ప్రేక్షకులు కోరినంతసేపు సాగే పాటను ఆ మూడు నిమిషాలలో ముగించవలసి వచ్చేది. కనుక రికార్డులో వినిపించేది రంగస్థలంపై జరిగిన దానికి సంక్షిప్త రూపమే. అభినయం ఎలాగూ రికార్డుకు ఎక్కదు. అయినప్పటికీ పాట నడక, ఉచ్చారణ, రాగాన్ని ఎంతవరకు తీసి ఎక్కడ ఆపాడు, హార్మోనియం ఏవిధంగా అనుసరించింది అనే విషయాలకు అదే ప్రత్యక్ష సాక్ష్యం. సినిమా పాట విని స్థానం గానశైలిని ఊహించడం సాధ్యంకాదు.

మొదటి ముద్రణల విలువ

78 రికార్డును లక్క, మెత్తని రాతిపొడి, నల్లరంగు మొదలైనవి కలిపిన ముద్దతో అచ్చు వేసేవారు. గాయకుడు పాడినప్పుడు మైనపు పలకపై గాడి ఏర్పడుతుంది. దాని నుండి లోహపు మూలప్రతి, దాని నుండి తల్లి అచ్చు, దాని నుండి రికార్డులు నొక్కే అచ్చు తయారవుతాయి. నొక్కే అచ్చు కొన్ని వందల రికార్డుల తరువాత అరగడం మొదలవుతుంది. అందువలన అచ్చు కొత్తగా ఉన్నప్పుడు వెలువడిన ప్రతులలో స్వరం స్పష్టంగా ఉంటుంది. మూల అచ్చులు నశించిన తరువాత, అరిగిన రికార్డునే మళ్ళీ మ్రోగించి దాని నుండి చేసిన ప్రతులలో మొదటి రికార్డు లోపాలన్నీ చేరి, సూక్ష్మమైన గమకాలు మరుగున పడతాయి. మొదటి ముద్రణలకు సేకర్తలు ప్రాధాన్యం ఇవ్వడానికి ఇదే ప్రధాన కారణం. వెల దాని తరువాతి విషయం.

రికార్డు ఏ ముద్రణకు చెందినదో తెలుసుకోవడానికి ఈ క్రింది అంశాలు తోడ్పడతాయి:

మాట్రిక్స్ సంఖ్య: లేబులుకు, గాడి ముగిసే చోటుకు మధ్యనున్న ఖాళీ భాగంలో ఈ సంఖ్య నొక్కబడి ఉంటుంది. ఏ సందర్భంలో పాడినదో దీనివలన తెలుస్తుంది. ఒకే గాయకుడు ఒకే పాటను రెండు సందర్భాలలో పాడితే లేబులు మీద పేరు ఒకటే అయినా ఈ సంఖ్య మారుతుంది.

లేబులు: కంపెనీ గుర్తు, రంగు, అక్షరాల తీరు కాలాన్ని బట్టి మారాయి. హెచ్.ఎం.వి., కొలంబియా, ఓడియన్, ట్విన్ మొదలైన పేర్లతో రికార్డులు వచ్చేవి. లేబులు చూసి సుమారు కాలం నిర్ణయించవచ్చు.

ముద్రణ విధానం: 1925 తరువాత పాశ్చాత్య దేశాలలో మైక్రోఫోనుతో ముద్రించే పద్ధతి వచ్చి, కొద్ది సంవత్సరాలలో భారతదేశానికి చేరింది. అంతకుముందు గాయకుడు బూరాలోకి బిగ్గరగా పాడవలసి వచ్చేది. రెండింటి ధ్వని వేరుగా ఉంటుంది.

స్థితి: ఉక్కు ముల్లుతో ఎక్కువసార్లు మ్రోగించిన రికార్డు గాడి అరిగి బూడిదరంగులోకి మారుతుంది. ప్రజాదరణ పొందిన పాటల రికార్డులు ఎక్కువ సంఖ్యలో అమ్ముడైనా, ఎక్కువగా మ్రోగినందువలన మంచి స్థితిలో దొరకడం కష్టం. స్థానం వంటి జనప్రియ నటుల రికార్డులకు కూడా ఈ సూత్రం వర్తిస్తుంది.

పాశ్చాత్య దేశాలలో జాజ్ సంగీతపు 78 రికార్డుల సేకరణ 1930లలోనే ఒక శాస్త్రంగా రూపొందింది. ఫ్రాన్సుకు చెందిన చార్లెస్ డెలోనే 1936లో జాజ్ రికార్డుల వివరాలతో ఒక పట్టికను గ్రంథంగా ప్రచురించాడు. ఏ పాటను ఎవరు, ఎప్పుడు, ఎవరి వాద్య సహకారంతో పాడారో నమోదు చేసే ఈ పద్ధతి వలన ఆ సంగీత చరిత్రకు గట్టి ఆధారం ఏర్పడింది. భారతీయ రికార్డుల విషయంలో మైఖేల్ కిన్నియర్ 1899 - 1908 మధ్య గ్రామఫోన్ కంపెనీ చేసిన ముద్రణల పట్టికను 1994లో ప్రచురించాడు. తెలుగు రంగస్థల రికార్డులకు కూడా ఇటువంటి పట్టికలే చరిత్ర రచనకు మొదటి మెట్టు.

లక్క రికార్డులు గాజువలె పెళుసైనవి. వాటిని ఒకదానిపై ఒకటి పేర్చకుండా నిలువుగా, ఎండ తగలని చోట ఉంచాలి. స్పిరిట్‌తో తుడిస్తే లక్క కరిగి గాడి చెడిపోతుంది. డెల్టా ప్రాంతపు తేమలో బూజు పట్టడం మరొక సమస్య. భారతదేశంలో ధ్వనిముద్రణపై హక్కు ప్రచురణ తరువాత 60 సంవత్సరాలు ఉంటుంది. కనుక 1930లు, 1940లలో వెలువడిన రికార్డుల ముద్రణ హక్కు గడువు ముగిసింది. రచనపై హక్కు మాత్రం రచయిత మరణానంతరం 60 సంవత్సరాలు కొనసాగుతుంది. ఆ లెక్కన స్థానం స్వయంగా రచించిన పాటలకు 2031 చివరి వరకు హక్కు ఉంటుంది.

సినిమాలు, రేడియో

నరసింహారావు రాధాకృష్ణ (1939), ఆ తరువాత సత్యభామ చిత్రాలలో నటించాడు. సినిమారంగంలో ఈయన ఎక్కువ కాలం కొనసాగలేదు. రంగస్థలంపై దూరం నుండి, దీపాల వెలుగులో కనిపించే స్త్రీ రూపం వేరు. కెమెరా ముఖానికి దగ్గరగా వచ్చినప్పుడు కనిపించేది వేరు. అప్పటికే కాంచనమాల, కన్నాంబ వంటి నటీమణులు తెరపై స్థిరపడ్డారు. ఈయన ఆకాశవాణి హైదరాబాదు కేంద్రంలో కూడా కొంతకాలం నాటక ప్రయోక్తగా పనిచేశాడు. రేడియోలో రూపంతో నిమిత్తం లేదు గనుక, మాటలోని విరుపును గురించి ఈయనకున్న అనుభవం అక్కడ ఉపకరించింది.

గౌరవాలు

1938: రంగూన్‌లో ప్రదర్శనలు ఇచ్చినప్పుడు బంగారు కిరీటంతో సత్కారం. ఆ కాలంలో బర్మాలో తెలుగువారు పెద్దసంఖ్యలో నివసించేవారు.

1956: భారత ప్రభుత్వ పద్మశ్రీ పురస్కారం. ఈ పురస్కారం పొందిన తొలి తెలుగు నటుడు ఈయనే.

1961: సంగీత నాటక అకాడమీ పురస్కారం, తెలుగు నాటకరంగంలో నటనకు.

రచన

తన రంగస్థల అనుభవాలను, పాత్రలను గురించిన ఆలోచనలను ఈయన "నటస్థానం" అనే గ్రంథంగా రచించాడు. తెలుగు నటుడు తన నటనా విధానాన్ని తానే విశ్లేషించుకున్న గ్రంథాలు తక్కువ. నాటకరంగ విద్యార్థులకు ఇది ఉపయుక్తమైన పుస్తకం. ఈయన రికార్డులను ఈ గ్రంథంతో కలిపి అధ్యయనం చేస్తే, చెవికి వినిపించే దానికి వెనుకనున్న అభినయాన్ని కొంతవరకు ఊహించడానికి అవకాశం కలుగుతుంది.

మరణం, వారసత్వం

స్థానం నరసింహారావు 1971 ఫిబ్రవరి 21న మరణించాడు. సుమారు అదే కాలంలో భారతదేశంలో 78 రికార్డుల తయారీ కూడా ముగిసింది.  ఈయన కళకు నేడు మిగిలిన ముఖ్యమైన ఆధారాలు నాలుగు: సమకాలికుల రచనలు, వేషధారణలోని ఛాయాచిత్రాలు, "నటస్థానం" గ్రంథం, గ్రామఫోను రికార్డులు. వీటిలో ఈయన కంఠస్వరాన్ని వినిపించగలిగేవి రికార్డులు మాత్రమే. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలోని పాత ఇళ్ళ అటకల మీద పగలకుండా మిగిలిన ప్రతి రికార్డు, దాని మాట్రిక్స్ సంఖ్యతో సహా నమోదైతే, తెలుగు నాటక చరిత్రలో ఒక పేజీ నిండుతుంది.